ఆటల పీరియడ్

ఏ బడిలో అడిగినా నాకు దొరికేది ఆటల పీరియడే. "మంగళవారం నాలుగో పీరియడ్ థర్డ్ బీ వాళ్ళకి గేమ్స్ ఉంది మేడం, అప్పుడు తీసుకెళ్ళండి, ఎవరికీ ఇబ్బంది ఉండదు" అంటారు కోఆర్డినేటర్లు. చాలా మర్యాదగానే అంటారు. కుర్చీ చూపిస్తారు, కాఫీ తెప్పిస్తారు, గోడకి అంటించిన టైంటేబుల్ దగ్గరికి వెళ్ళి ఆ గడిలో పెన్సిల్‌తో చిన్న టిక్కు పెడతారు. నేను సరేనని పిల్లవాడి చెయ్యి పట్టుకుని మేడ మెట్లెక్కుతాను. కింద గ్రౌండులో విజిల్ మోగుతుంది. వాడి క్లాసువాళ్ళు ఎవరు ఏ జట్టో తేల్చుకుంటూ అరుస్తుంటారు. వీడు మెట్ల పక్కనున్న ఇనప ఊచల సందుల్లోంచి అటే చూస్తూ, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించి ఆగి, మళ్ళీ ఎక్కుతాడు. పైన గదిలో నేను వాడిచేత చేయించేదేమిటి? బంతి పట్టించడం, ఒంటికాలి మీద నిలబెట్టడం, తాడు మీంచి దూకించడం. అవే పనులు కింద వాడి స్నేహితులు కేకలు వేసుకుంటూ చేస్తున్నారు. ఒంట్లో పొందిక కుదరక ఆటలో వెనకబడ్డ పిల్లవాణ్ణి ఆట నుంచే విడదీసి తీసుకొచ్చి, నాలుగు గోడల మధ్య ఆడటం నేర్పడం ఏం న్యాయం? ఈ ప్రశ్న చాలాకాలంగా నన్ను పట్టుకుని వదలడం లేదు.

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. బడుల్లో "ఓటీ మేడం" అంటారు. మాది హిందూపురం, పెళ్ళయ్యాక దేవనహళ్ళి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. టిప్పు సుల్తాన్ పుట్టిన ఊరు, కన్నడ కవి డి.వి.గుండప్పగారి పేరులో మొదటి అక్షరం ఈ ఊరే. పాత ఊళ్ళో కోట పక్క సందుల్లో ఇప్పటికీ తెలుగు బాగా వినబడుతుంది. 2008 మే నెలలో విమానాశ్రయం మొదలయ్యాక చక్కోత తోటలూ ద్రాక్ష తోటలూ వెనక్కి జరిగాయి, హైవే పక్కన బడులు లేచాయి. ఆ బడుల్లో విమానాల కంపెనీ ఇంజనీర్ల పిల్లలూ, కార్గోలో సరుకు ఎత్తే మడకశిరవాళ్ళ పిల్లలూ పక్కపక్కన కూర్చుంటారు. నాలాగే స్పీచ్ థెరపిస్టులు, కౌన్సెలర్లు, స్పెషల్ ఎడ్యుకేటర్లు ఈ చుట్టుపక్కల పనిచేస్తున్నారు. మేం కలుసుకున్నప్పుడల్లా పిల్లల గురించి కన్నా ప్రిన్సిపాళ్ళ గురించే ఎక్కువ మాట్లాడుకుంటాం. గది ఇవ్వలేదనీ, ఇచ్చిన గదిలో క్రికెట్ సామానూ పాత బెంచీలూ పడేశారనీ, యూనిట్ టెస్టులని చెప్పి నెలంతా సెషన్లు ఆపేశారనీ, షాడో టీచర్ జీతం ఎవరిస్తారన్న దగ్గరే మాట ఆగిపోయిందనీ. చదువుకునే రోజుల్లో మాకు నరాలూ కండరాలూ కీళ్ళూ నేర్పారు. ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని ఏమని మొదలుపెట్టాలో ఎవరూ నేర్పలేదు. అక్కడ జరిగే పావుగంట మాటల మీద ఒక పిల్లవాడి సంవత్సరమంతా ఆధారపడి ఉంటుందని కూడా ఎవరూ చెప్పలేదు.

ఆటల పీరియడే ఎందుకిస్తారు? పిల్లల మీద ప్రేమ లేక అనుకోను. లెక్కల పీరియడ్ పోతే తల్లిదండ్రులు అడుగుతారు. ఇంగ్లీషు పోతే సిలబస్ వెనకబడిందని సబ్జెక్టు టీచరు అడుగుతుంది. కన్నడ పోతే, అది ఈ రాష్ట్రంలో 2015 చట్టం కింద నేర్పి తీరవలసిన భాష కాబట్టి, తనిఖీకి వచ్చిన అధికారి అడుగుతాడు. ఆటలు పోతే అడిగేవాడు ఆ పిల్లవాడొక్కడే. వాడి ఫిర్యాదు ప్రిన్సిపాల్ గదిదాకా రాదు. విద్యాహక్కు చట్టం ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు అంది. ఆరు నుంచి ఎనిమిది దాకా 220 రోజులు, వెయ్యి గంటలు అంది. ఆ గంటలకి లెక్క చెప్పవలసిన మనిషి ప్రిన్సిపాల్. ఆవిడ ఉదయం ఎలా మొదలవుతుందో ఒక్కసారి పక్కన కూర్చుని చూస్తే చాలు. విజయపుర వైపు బస్సు ఇంకా రాలేదు, ఇద్దరు టీచర్లు సెలవు, సబ్‌స్టిట్యూషన్ ఎవరికి వెయ్యాలి, బయట ఒక తండ్రి ఫీజు రసీదు పట్టుకుని నిలబడ్డాడు, ట్రస్టు ఆఫీసు నుంచి ఫోను. సరిగ్గా అప్పుడు నేను వెళ్ళి ఇంద్రియాల సమన్వయం గురించి చెబితే ఆవిడ చెవికి అదొక కొత్త తలనొప్పిగానే వినబడుతుంది. ఆవిడ ఎవరెవరికి జవాబుదారో తెలుసుకోకుండా నేనేం అడిగినా, అడిగింది ఎంత న్యాయమైనదైనా, ఆవిడ దగ్గర దానికి చోటుండదు. ఇది అర్థమయ్యాక నాకు కోపం తగ్గింది. పట్టుదల తగ్గలేదు.

ఇలా అడగడం ఎలాగో నాకు తెలిసిన ఒక మనిషి ఎక్కడా శిక్షణ లేకుండానే చేసి చూపించింది. హిందూపురంలో మా అమ్మ టీచరుగా చేసిన బడిలోనే నేనూ చదివాను. నా క్లాసులో పోలియో వచ్చిన అమ్మాయి ఉండేది. వాళ్ళమ్మ చింతపండు మండీలో గింజ తీసే పనికి పోయేది. ఏటా బడి తెరిచే ముందే, అడ్మిషన్ రిజిస్టర్లు ఇంకా బల్ల మీదుండగానే, ఆమె హెడ్మాస్టరు గారి గది ముందు నిలబడేది. అడిగేది ఒక్కటే. "సార్, మా పాప క్లాసు ఈ ఏడు గూడా కింద రూములోనే పెట్టండి సార్." కాలు గురించి చెప్పేది కాదు, తన కష్టం గురించి అసలే చెప్పేది కాదు. మేం ఏడో తరగతికి వచ్చినప్పుడు, "ఏడుకి మేడ మీదేనమ్మా, ఏం చేసేది" అన్నారట సార్. "ఎనిమిదోళ్ళు తక్కువ మంది గద సార్, పై రూములో సరిపోతారు. వీళ్ళు ఎక్కువ మంది, వీళ్ళకి కింద హాలే బాగుంటాది" అందట ఆమె. ఏ క్లాసులో ఎందరున్నారో ఆమెకెలా తెలుసు? అటెండరు దగ్గర ముందే కనుక్కుని వచ్చింది. ఈ మాట మా ఇంట్లో చాలా ఏళ్ళు నడిచింది. మా అమ్మ దాన్ని ఆమె తెలివికి గుర్తుగా చెప్పేది. నేనిప్పుడు దాన్ని నా వృత్తికి సంబంధించిన పాఠంగానే తలుచుకుంటాను. ఆమె సరైన నెలలో వచ్చింది, జరగగలిగినదే అడిగింది, హెడ్మాస్టరుకి ఎదురయ్యే చిక్కుని తనే విప్పి తెచ్చింది. మేం పుస్తకాల్లో చదివినవేవీ ఇంతకన్నా ముందుకు వెళ్ళలేదనిపిస్తుంది. అయితే ఒకటి. ఆ తల్లి అన్నేళ్ళూ అలా నిలబడవలసి రావడం మాత్రం న్యాయం కాదు. ఆ నిలబడే పని ఇప్పుడు జీతం తీసుకుంటున్న నాది.

గిజుభాయి బధేకా 'పగటికల' ఈ మధ్య మళ్ళీ చదివాను. బడి చదువు మారాలన్న తపన ఉన్న యువకుడు అందులో విద్యాధికారి దగ్గరికి వెళ్ళి నాలుగో తరగతి ఒక్కటి ఒక ఏడాది పాటు తనకి అప్పగించమంటాడు. అధికారికి నమ్మకం లేదు. ఏడాది చివర పరీక్ష ఉంటుందని గుర్తుచేస్తాడు. ఇతను ఒప్పుకుంటాడు. వెనక ఆ పుస్తకం చదివినప్పుడు నా కళ్ళన్నీ పిల్లల మీదే ఉన్నాయి, కథలూ ఆటలూ చూసి మురిసిపోయాను. ఇప్పుడు చదివితే ఆ అధికారే కనబడుతున్నాడు. నమ్మకం లేకపోయినా తలుపు కొంచెం తెరిచిన మనిషి. ఎందుకు తెరిచాడు? ఎదుటివాడు మొత్తం బడిని మార్చమనలేదు, ఒక్క తరగతి అడిగాడు. గడువు పెట్టుకున్నాడు. లెక్క చూపిస్తానన్నాడు. మన తెలుగువాళ్ళు ఎంతగానో ఇష్టపడ్డ 'రైలుబడి'లో కొబాయాషి మాస్టారు బడిలో చేరడానికి వచ్చిన చిన్నపిల్ల మాటల్ని నాలుగు గంటలు కూర్చుని వింటారు. అలాంటి హెడ్మాస్టరు దొరికితే నాలాంటి వాళ్ళకి పనే తక్కువ. అది యాభై మంది దాకా పిల్లలున్న బడి. ఇక్కడ ఒక్కో ప్రిన్సిపాల్ కింద వందలూ వేలూ. కొబాయాషి కోసం కాచుక్కూర్చుంటే పిల్లలు పెద్దవాళ్ళయిపోతారు. అందుకని నాకు దొరికే మనిషి 'పగటికల'లోని అధికారేననుకుని బయలుదేరుతాను.

ఒక సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఒక బడిలో మూడో తరగతి అబ్బాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, రెండో భాష కన్నడ. మేడ మీద గది. దిగే విమానాలు ఆ కిటికీల వైపు నుంచే వెళతాయి. చప్పుడు మనకి ఇంకా వినబడకముందే వాడి భుజాలు బిగుసుకుంటాయి. పెన్సిల్ జారిపోతుంది, రెండు చేతులూ చెవుల మీదికి వెళతాయి, తల బల్లకి ఆనుతుంది. విమానం దాటిపోయాక కూడా వాడు తల ఎత్తడు. పాఠం నడిచిపోతుంది. మళ్ళీ పెన్సిల్ వెతుక్కుని బోర్డు మీద ఎక్కడ ఆగాడో చూసుకునేలోగా ఇంకోటి వస్తుంది. టీచరు దీన్ని మొండితనం అనుకుంది. వాళ్ళమ్మ మాత్రం "ఇంట్లో మిక్సీ వేసినా ఓర్చుకోడు మేడం, తలగడ కింద దూరతాడు" అంది. నేను వెనక బెంచీలో కూర్చుని టైము రాసుకున్నాను. ఏ పాఠం నడుస్తుండగా విమానం వచ్చింది, వాడు తల ఎప్పుడు ఎత్తాడు, ఎన్ని వాక్యాలు వదిలేశాడు. అలా రాస్తుండగానే ఇంకొకటి కనబడింది. విమానం వచ్చిన ప్రతిసారీ టీచరు కూడా మాట ఆపుతోంది. పిల్లలంతా కిటికీ వైపు తిరుగుతున్నారు. వీడొక్కడిదే బాధ అనుకున్నది క్లాసంతటికీ కొంత ఉంది.

నేను చదివినది అప్పుడు గుర్తొచ్చింది. జర్మనీలో మ్యూనిక్ నగరం 1992లో పాత విమానాశ్రయం మూసి కొత్తది తెరిచినప్పుడు పరిశోధకులు రెండుచోట్లా పిల్లల చదువుని పరీక్షించి చూశారు. కొత్త విమానాశ్రయం దగ్గరి పిల్లల్లో చదవడం, గుర్తుంచుకోవడం దెబ్బతింది. పాతదాని దగ్గరి పిల్లలు మెరుగుపడ్డారు. బెంగళూరు ప్రయాణికుల విమానాలు హెచ్.ఏ.ఎల్. రన్‌వే నుంచి 2008లో మా ఊరి మీదికి వచ్చినప్పుడు జరిగిందీ అలాంటి మార్పే. ఇదంతా రిపోర్టులో పెట్టాలని చెయ్యి ఊరుకోదు. మాకు రిపోర్టులు లావుగా రాయడం అలవాటు. స్కోర్లు, పర్సెంటైళ్ళు, సిఫార్సులు పేజీలకి పేజీలు. అవి ప్రిన్సిపాల్ బీరువాలోకి వెళతాయి, బయటికి రావు. ఈసారి ఒక్క కాగితమే రాశాను. పైన, క్లాసులో ఏం జరుగుతోందో నాలుగు వాక్యాలు. మ్యూనిక్ గురించి ఒక్క వాక్యం. కింద, ఏం కావాలి: థర్డ్ బీ, ఫిఫ్త్ ఏ గదులు మార్చుకోవడం. స్మార్ట్ బోర్డు రెండు గదుల్లోనూ ఉంది కాబట్టి ఖర్చు లేదు. దసరా సెలవుల్లో బల్లలు మార్చవచ్చు. దీపావళి తర్వాత మళ్ళీ వచ్చి చూస్తాను, వాడికి తేడా కనబడకపోతే పాత గదులకే వెళ్ళవచ్చు. ఫిఫ్త్ ఏ క్లాసు టీచరుతో ముందే మాట్లాడాను. తన గది రోడ్డు దుమ్ముకి దగ్గరగా ఉందని ఆవిడా మారాలనే అనుకుంటోంది.

ప్రిన్సిపాల్ చింతామణి వైపు మనిషి, తెలుగు బాగా మాట్లాడతారు. కాగితం రెండుసార్లు చదివి, "ఫిఫ్త్ ఏ పేరెంట్స్ వచ్చి, మా పిల్లల్ని చప్పుడు గదిలోకి ఎందుకు తోశారంటే నేనేం చెప్పను?" అన్నారు. నాకు ఆ ప్రశ్నలో కాదనడం వినిపించలేదు. చెయ్యాలనుకునే మనిషే అలా అడుగుతుంది. పెద్ద పిల్లలు చప్పుడుని తట్టుకోగలరని జవాబు చెప్పవచ్చు గానీ అది నిజం కాదు, మ్యూనిక్ సంగతి నేనే రాసి తెచ్చాను కదా. అందుకని, "మీరొకసారి ఆ క్లాసులో కూర్చుని చూడండి మేడం, ఏ పిల్లల్ని అక్కడ పెట్టినా కిటికీలకి ఏదో ఒకటి చెయ్యక తప్పదు" అన్నాను. ఆవిడ మర్నాడే వచ్చి వెనక బెంచీలో నా పక్కన కూర్చున్నారు. పీరియడ్ అయ్యాక వరండాలో, "ఇన్నేళ్ళుగా ఈ చప్పుడు నేను వినడం మానేశానమ్మా" అన్నారు. గదులు మారాయి. మేడ మీద కిటికీలకి మందమైన అద్దాలు వేయించడానికి ట్రస్టుకి ఆవిడే లెటరు రాశారు. ఆ లెటరుతో నా కాగితం జత చేశారు. అప్పుడు గానీ నాకు పూర్తిగా తట్టలేదు, ప్రిన్సిపాల్ కూడా ఒకరి గది బయట కూర్చుని అడగాల్సిన మనిషేనని. నేనిచ్చే కాగితం ఆవిడ చేతిలో ఆగిపోయేది కాకుండా ఆవిడ ఇంకొకరికి చూపించగలిగేలా ఉండాలని.

ఇంతగా బతిమాలుకోవాలా, చట్టం ఉంది కదా అని నన్ను నిలదీసే స్నేహితులున్నారు. ఉంది. 1995 చట్టంలో వైకల్యాలు 7 రకాలే. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజం, చదవడం రాయడంలో ఉండే ప్రత్యేక ఇబ్బందులతో కలిపి 21 గుర్తించింది. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు అన్నీ అందులోనే ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో మరో మూడు భాషలు మోసే మా దేవనహళ్ళి పిల్లవాడికి ఆ చివరిది ఎంత పెద్ద ఊరటో చెప్పనక్కర్లేదు. విశాఖపట్నంలో కోచింగ్‌కి వచ్చిన 17 ఏళ్ళ అమ్మాయి 2023లో చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పునిస్తూ, 100 మంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలంది. మార్కుల ప్రకారం పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టవద్దంది, అందరి ముందూ చిన్నబుచ్చవద్దంది. ఒక పిల్ల ప్రాణం పోయాక వచ్చిన మాటలు అవి. వాటిని చదివినప్పుడల్లా, అంతకుముందే ఏదో బడిలో ఏదో గదిలో ఎవరో ఇవే మాటలు అడిగి కాదనిపించుకుని ఉంటారు కదా అనుకుంటాను.

అయినా సంచిలో చట్టం పెట్టుకుని వెళ్ళి మొదటి రోజే బల్ల మీద పెడితే ఏమవుతుందో చూశాను. మా తోటి స్పీచ్ థెరపిస్టు ఒకావిడ అలాగే వెళ్ళింది. ఆవిడ చెప్పిన ప్రతి సెక్షనూ నిజమే. బడి అన్నిటికీ ఒప్పుకుంది, ఆ తర్వాత ఆవిడకి టైంటేబుల్లో గడి దొరకలేదు. ఒప్పుకున్నట్టు కాగితాల మీద మాత్రం ఉంది. చట్టం వల్ల ఒక బడి తలుపు తెరవవలసిందే, కానీ క్లాసు టీచరు తన క్లాసులోకి నన్ను మనస్ఫూర్తిగా రానివ్వడం తీర్పుతో రాదు. అందుకే చట్టాన్ని నేను ప్రిన్సిపాల్‌కి అండగా తీసుకెళతాను. "ఈ సెక్షన్ ప్రకారమే చేస్తున్నామని ఫైల్లో పెట్టుకోండి మేడం, రేపు ఎవరైనా అడిగినా మీకు చెప్పుకోవడానికి ఉంటుంది" అంటాను. అయితే అన్నీ ఇలా మెత్తగా నడిచేవి కావు. పిల్లవాణ్ణి కొట్టినా, అరుస్తున్నాడని ఒంటరిగా గదిలో పెట్టి తలుపేసినా అక్కడ సర్దుబాటుకి చోటు లేదు, విద్యాహక్కు చట్టమే దాన్ని నిషేధించింది. లైంగిక వేధింపు సంగతి తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే అదే నేరం. బడి పేరు పోతుందని ఎవరు ఏమన్నా సరే. ఈ మాట ఏదైనా జరిగాక కాదు, బడిలో చేరిన మొదటి వారంలోనే, వాతావరణం ప్రశాంతంగా ఉన్నప్పుడే ప్రిన్సిపాల్‌తో అనుకుని పెట్టుకోవాలి. కౌన్సెలర్లకి ఇంకో ఇబ్బంది ఉంది. "ఏం చెప్పాడు ఆ అబ్బాయి? ఇంట్లో గొడవలా?" అని వరండాలోనే అడుగుతారు, అదీ ఆదుర్దాతోనే. పిల్లవాడు నమ్మి చెప్పిన మాటల్లో బడికి కావలసినంత ఏది, బడికి అక్కర్లేనిది ఏది? "పొద్దున్న మొదటి పీరియడ్‌లో వాణ్ణి నిలబెట్టి ప్రశ్నలు అడగవద్దని చెప్పండి మేడం, అంతకుమించి నేను చెప్పలేను" అనే కౌన్సెలరు నాకు తెలుసు. ప్రిన్సిపాల్ మొదట నొచ్చుకున్నారు. తర్వాత తన సొంత కొడుకు సంగతి మాట్లాడటానికి ఆవిడ దగ్గరికే వచ్చారు.

ఒక అనుమానం మాత్రం నన్ను విడవదు. గది మార్చమన్నప్పుడు క్లాసంతటికీ మేలన్నాను. అది నిజమే. కానీ నిజం కాకపోయి ఉంటే? బాధ ఆ ఒక్క పిల్లవాడిదే అయి ఉంటే, నలభై మందికి లాభం చూపించలేకపోతే, వాడికి ఆ గది దక్కేదా? ప్రిన్సిపాల్‌కి నచ్చేట్టు చెప్పడంలో ఆరితేరిన కొద్దీ, నచ్చేట్టు చెప్పడానికి వీల్లేని పిల్లల్ని వెనక్కి నెడుతున్నానేమో. మాటలు రాని పిల్లలుంటారు, ఏడాదంతా కష్టపడినా రిపోర్టులో చూపించడానికి ఒక్క మార్కు పెరగని పిల్లలుంటారు. వాళ్ళ కోసం ఏ ఫలితం చూపించి అడగాలి? ఈ ప్రశ్నకి నేను ఆగిన చోటు ఇది. ప్రిన్సిపాల్ కష్టాన్ని తేలిక చేసే మాటలు ముందు చెప్పవచ్చు, కానీ కాగితంలో మొదటి వాక్యం ఎప్పుడూ పిల్లవాడి గురించే ఉండాలి, వాడికి ఇది కావాలి కాబట్టి అడుగుతున్నానని రాసి ఉండాలి. మిగతావన్నీ దాని కింద. లాభాలు లేని రోజున ఆ మొదటి వాక్యం ఒక్కటే పట్టుకుని నిలబడాలి. అలా నిలబడి కాదనిపించుకున్న సందర్భాలూ ఉన్నాయి. మళ్ళీ వెళ్ళాను.

ఆటల పీరియడ్ విషయంలోనూ అలాగే వెళ్ళాను. కెనడాలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆంటారియో బడుల్లో 'పార్టనరింగ్ ఫర్ చేంజ్' అనే పద్ధతి నడిపారు. పిల్లవాణ్ణి గదిలోకి లాక్కెళ్ళే బదులు థెరపిస్టే క్లాసులోకి, ఆటస్థలంలోకి వెళ్ళి టీచరుతో కలిసి పనిచేస్తుంది. అది చదివాక నాకు ధైర్యం వచ్చింది. విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో బడికి ఆటస్థలం, ఆట సామాను ఉండి తీరాలని రాశారు. ఐక్యరాజ్యసమితి 1989 బాలల హక్కుల ఒప్పందంలో 31వ అధికరణం ఆడుకోవడం పిల్లల హక్కు అంది, మన దేశం 1992లో దానికి ఒప్పుకుంది. ఇవేవీ ప్రిన్సిపాల్ ముందు చదవలేదు. పీటీ సార్ దగ్గరికి వెళ్ళాను. బడిలో ఎవరూ ఏ విషయంలోనూ అభిప్రాయం అడగని మనిషి ఆయన. "వాణ్ణి నా క్లాసు నుంచి ఎందుకు తీసుకెళతారో నాకెప్పుడూ అర్థం కాలేదు మేడం" అన్నారు. ఇద్దరం కలిసి ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళాం. అడిగింది ఇంతే: వారానికో ఆటల పీరియడ్ నేను గ్రౌండులోనే ఉంటాను, పిల్లలందరితో. బల్ల మీద చెయ్యవలసిన పని, అంటే రాత, కత్తెర, బొత్తాలు పెట్టుకోవడం, ఉదయం అసెంబ్లీ తర్వాత క్లాసు టీచరు హాజరు వేసే వేళలో. ఒక టర్ము చూద్దామన్నారు. పీటీ సార్ ఇప్పుడు జట్లు విడదీసే పద్ధతే మార్చేశారు, ఎవరినీ చివర మిగలనివ్వరు.

ఇదంతా ఫీజులు కట్టే బడుల సంగతి. ఇదే తాలూకాలో సర్కారు బడుల పిల్లలకి బ్లాక్ రిసోర్స్ సెంటర్‌లో ఉండే ప్రత్యేక టీచర్లే దిక్కు. వాళ్ళు ఊరూరా తిరుగుతారు, మంచం దిగలేని పిల్లల ఇళ్ళకీ వెళతారు. అటు ఆంధ్రాలో, తెలంగాణలో భవిత కేంద్రాల్లో ఐ.ఇ.ఆర్.పి.లనే ప్రత్యేక టీచర్లు ఇదే పని చేస్తున్నారు. హిందూపురం వైపు ఆ పని చేసే స్నేహితురాలితో మాట్లాడితే తెలిసింది, తన ప్రిన్సిపాల్ ఒకరు కాదని. మండల విద్యాధికారి, సమగ్ర శిక్ష ఆఫీసు, ఒక్కో ఊరి హెడ్మాస్టరు, ఒక్కొక్కరికీ మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవాలి. కాంట్రాక్టు ఉద్యోగం. పై అధికారిని గట్టిగా అడిగితే వచ్చే ఏడు రెన్యూవల్ ఉంటుందో లేదోనన్న భయంతో అడగాలి. పిల్లల కోసం నోరు తెరవవలసిన మనిషి ఉద్యోగమే గాలిలో దీపంలా ఉంటే ఎంతవరకు అడగగలదు? ఆవిడ చేసే పనొకటి నాకు నచ్చింది. ప్రతి హెడ్మాస్టరు దగ్గరా మాట్లాడిన మాటని ఆ రోజే బడి విజిట్ పుస్తకంలో రాసి, ఇద్దరూ సంతకం పెడతారు. ర్యాంపు ఎప్పటికి, ఏ క్లాసు ఏ గదిలో, ఏ పిల్లకి ఏ టీచరు. హెడ్మాస్టరు బదిలీ అయినా, తను మానేసినా పుస్తకం బడిలోనే ఉంటుంది.

నేనూ అదే మొదలుపెట్టాను. మా బళ్ళలో థెరపిస్టులు ఏడాదికొకరు మారుతుంటారు, జీతం చాలకో, పెళ్ళిళ్ళయ్యో, వీసాలొచ్చో. కొత్తావిడ వచ్చేసరికి గదులు మళ్ళీ పాత పద్ధతికి వెళ్ళిపోతాయి, ఆ పిల్లవాడు మళ్ళీ మేడ మెట్లెక్కుతాడు. కొత్త టైంటేబుల్ ఏప్రిల్, మే నెలల్లో తయారవుతుంది. అప్పుడు జరిగే మీటింగులో నాకూ ఒక కుర్చీ కావాలని ఈ ఏడు చింతామణి మేడంని అడిగాను, నా తర్వాత ఎవరొచ్చినా ఓటీకి ఆ కుర్చీ ఉండాలని. ఆవిడ మినిట్స్ పుస్తకం తీసి తన చేత్తోనే రాశారు. రాసి, కలం మూత పెట్టకుండానే, "మూడో తరగతి సంగతి సరేనమ్మా, మా నర్సరీ సెక్షన్ల లిస్టు కూడా తీసుకురా, ఎవరెవరున్నారో ఇప్పుడే చూద్దాం" అన్నారు.